హాజరు పట్టీ

కొత్తవాడ సొసైటీల ముప్పై ఒక్కేండ్లు లెక్కలు రాసినోణ్ణి,
నాకేం ఎరుక ఫోన్ల సంగతి అన్న.
అధ్యక్షుని బిడ్డ రవళి ఇంటదా?
"గదీ లెక్కనే కద బాపూ, సూడు" అని
ఫోను నా కండ్లద్దాల ముంగట పెట్టింది.

గోదాంల నాలుగొందల షత్రంజీలు
విప్పిన మడత లేకుంట పడున్నయి.
ఒక్క వీడియోకు పాతికవేలు అడుగుతుండు
హన్మకొండ పిలగాడు విక్కీ.
వాని ఎనక లక్షా ఇరవైవేల మందట.
లక్షా ఇరవైవేలంటే ఉత్తమాటనా,
ఎనుమాముల యార్డు నిండి
రోడ్డు మీదికి పొర్లుతరు.

ఒక్కొక్క పేరే జరుపుకుంట పోయిన.
ముఖం లేని బొమ్మ.
ముఖం లేని బొమ్మ.
పేరు తోకకు ఎనిమిది అంకెలు.
తనది ఒక్క ఫొటో పెట్టనోడు
ఏడువేల మంది ఎనక తిరుగుతుండు.
ఏ దేశపోళ్లో, ఏం బాసనో,
కొత్తవాడ షత్రంజి వీళ్లు యాడ పరుస్తరు?

కార్తీకం దాకా తొమ్మిదివేలే ఉన్నరు.
ఒక మంగళారం రాత్రి ఊరంత పండుకున్నంక
నలభైవేల మంది ఒక్కపాలి తలుపు కొట్టిన్రట.
కుక్క సుత మొరగలే.
కింద "సూపర్ బ్రో", దానికింద "సూపర్ బ్రో",
మూడేసి మంట బొమ్మలు,
అన్నిట్ల ఒక్కటే చేతిరాత.

"దొంగ పేర్లు బిడ్డా" అన్న.
"గంత జల్ది ఎట్ల గుర్తువట్టినవ్?"

ఎట్ల చెప్త.

సభ్యులు మూడొందలుంటెనే నూలు కోటా అని
ఎన్కటొకసారి పైనుంచి కబురొస్తే
లాంతరు ముంగట కూసొని తెల్లారేసరికి
నూటా నలభైమందిని కన్నయి ఈ చేతులు.
గుంట మగ్గంల కాలు పెట్టనోళ్లు,
భీవండి పోయి మళ్ల రానోళ్లు,
కాటికి పోయినోళ్లకు సుత కూలి రాసిన.
పేర్లు తట్టకపోతే
కిటికీల కనవడ్డ దుకాణం బోర్డులు జూసి రాసిన.
వేలిముద్రలన్నీ నా ఎడమ బొటనవేలే,
ఒకటి వంకర, ఒకటి సగం, ఒకటి మసక.

అసలు మనుషులైతే
ఒగడు అలిగి దస్కత్ పెట్టడు,
ఒగడు అడ్వాన్సు ఇయ్యవా అని బల్ల గుద్దుతడు,
ఒగామె పేరుల దీర్ఘం తప్పిందని
నిలవడి దిద్దిచ్చుకొని పోతది.
నా నూటా నలభైమంది ఎంత మంచోళ్లు!
యాడాదంత ఒక్క మాట అనలే.

ఆఫీసరు చాయ్ తాగి సంతకం గీకిండు.
నూలొచ్చింది.
నేసెటోడు లేని నూలు
రెండు వానాకాలాలు ఎలుకలు కొరికినయి.

"బాపూ?" అన్నది రవళి.
"ఇంకెవలన్న ఉన్నరా" అన్న.

నర్సంపేటల జాకెట్లు కుట్టే సరూప ఉన్నది.
ఆమె ఎనక రెండువేల మూడొందలే.
చీరంచు వీడియో కింద ఒకటే లొల్లి:
రంగు పోతదా, ఒట్టేసి చెప్పక్కా.
ధర చెప్పవేందే, దాస్తవెందుకు?
మా అత్తకు గిదే కావాలె, బుధారం వస్తం.
పోయినపాలి కుట్టింది చంకల బిగుసుకున్నది,
ముందు గది ఇప్పి కుట్టు, ఎనక మాట్లాడు.

ఆ తిట్టు కాడ నా వేలు ఆగింది.

సరూపకు ఫోన్ జేస్తే
పైసల ముచ్చట తర్వాత అన్నది,
"ఒక షత్రంజి పంపుండ్రి. మూడుసార్లు ఉతికి
ఎట్లుంటే అట్లనే చెప్త. ఒప్పుకుంటరా?"

రవళి నా దిక్కు చూసింది.
ఒప్పుకున్న.

ఇగ రోజూ నువ్వే చూడాలె బాపూ అని
నాకొక ఫోను తెచ్చింది.
తాళానికి వేలిముద్ర కావాలెనట.
"ఏదైతేంది, బొటనవేలు పెట్టు" అన్నది.
ఎడమది ముందే లేచింది.
దాన్ని పిడికిట్ల దాసి
కుడిది పెట్టిన.